ఐదో పట్టీ

ఆ శిక్షణ కేంద్రం మెట్ల పక్కన గోడ మీద ఒక దీపాల బోర్డు ఉండేది. పైన ‘ఇప్పుడు డిమాండ్ ఉన్న ఉద్యోగాలు’ అని ఎర్రటి అక్షరాలు, కింద ఐదు అరలు. ఒక్కో అరలో ఒక్కో ఉద్యోగం పేరు రాసిన ప్లాస్టిక్ పట్టీ దూరుస్తారు, వెనక నుంచి ట్యూబులైటు వెలుగుతుంది. దారిన పోయేవాళ్ళు తలెత్తి ఆ ఐదు పేర్లూ చదివి, ఉన్న ఉద్యోగం ఊడుతుందేమోనని కొందరు, లేని ఉద్యోగం వస్తుందేమోనని కొందరు మేడెక్కి వస్తారు. వచ్చినవాళ్ళు కోర్సులో చేరినా చేరకపోయినా, పేరూ ఫోన్ నంబరూ చేస్తున్న పనీ అడిగిన కోర్సూ రిజిస్టర్లో రాయనిదే మెట్లు దిగడానికి వీల్లేదు. అది అక్కడి నియమం.

ఆ రిజిస్టరు అక్క చేతిలో ఉండేది. కేంద్రంలో ఆమెను కౌన్సెలర్ మేడం అంటారు గానీ, ఈ కథలో సగం ఆమె తమ్ముడిది కాబట్టి మనం కూడా అక్క అనే అనుకుందాం. పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీ. నోరు పెద్దది, మనసు మెత్తన. ఎవరైనా దిగాలుగా వచ్చి కూర్చుంటే ముందు మంచినీళ్ళ గ్లాసు తోసి, ఆ తర్వాతే కరపత్రం తోస్తుంది.

ఇంతకీ ఆ బోర్డు మీది పేర్లు ఎవరు తేలుస్తారు? ఎక్కడో మేధావులు కూర్చుని లెక్కలు కడతారనుకుంటున్నారేమో, అంత సీన్ లేదు. మూడు నెలలకొకసారి అక్క రిజిస్టరు తిరగేసి, ఏ కోర్సు ఎంతమంది అడిగారో కాగితం మీద గీతలు గీస్తుంది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. ఎక్కువ గీతలు పడ్డ ఐదూ బోర్డు ఎక్కుతాయి. బోర్డు చూసిన జనం మేడెక్కి వచ్చి ఆ ఐదే అడుగుతారు. వాటికే మళ్ళీ గీతలు పడతాయి. ముందు నడిచే గొర్రెకి దారి తెలుసని వెనకవి అనుకుంటాయి. ఇన్ని నా వెనక వస్తున్నాయంటే ఇదే దారి కాబోలని ముందుది అనుకుంటుంది. అక్కకి ఈ సంగతి తెలియక కాదు. తెలిసీ ఏం చేస్తుంది? ఆమె పని గీతలు గియ్యడం.

అలా గీతలు గీస్తుండగా ఒకసారి చిక్కొచ్చి పడింది. డేటా అనలిటిక్స్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ, కృత్రిమ మేధ. ఈ నాలుగింటికీ బోలెడన్ని గీతలు. ఐదోదానికి లేవు. ఒకాయన టైపింగ్ నేర్పుతారా అన్నాడు, ఒకావిడ ఫోటోలు బాగుచేయడం అంది, అంతే.

డైరెక్టర్ గారు గదిలోంచి తల బయటపెట్టారు. “ఏంటమ్మా ఇంకా? పట్టీలు రాసే అతను కింద నిలబడ్డాడు.”

“ఐదోదానికి గీతల్లేవు సార్. ఈసారికి నాలుగే పెడదాం.”

“ఐదో అర ఖాళీగా వెలుగుతుంటే ముందు పన్ను ఊడినట్టుంటుందమ్మా. ఏదో ఒకటి చెప్పు, నీకు తెలీందేముంది!”

అక్క అప్పుడే అన్నం డబ్బా మూత తీసింది. పొద్దున్నుంచీ తలనొప్పి. డేటా అన్నది ఎక్కడ పెట్టినా నప్పుతుంది. ఇంజనీర్ అన్నది కూడా అంతే. మధ్యలో ఇంకొక మాట కావాలి. ఎదురుగా గోడ క్యాలెండర్ మీద ఏదో ట్రస్టు వాళ్ళ ఉచిత కంటి పరీక్షల ప్రకటన ఉంది.

“డేటా ట్రస్ట్ ఇంజనీర్ అని రాయించండి” అని, గీతల కాగితం మీదా రాసేసి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

“అబ్బో! కొత్తగా ఉందే!” అన్నారు డైరెక్టర్ గారు. ఆ సాయంత్రానికి ఐదో అర కళకళలాడింది. ఆ పేరు కరపత్రమెక్కింది, కేంద్రం వెబ్‌సైటెక్కింది, ‘మా పరిశోధనలో తేలిన ఐదు ఉద్యోగాలు’ అని పైన ఒక శీర్షిక కూడా వచ్చి కూర్చుంది. అక్క డబ్బా కడుక్కుని ఆ మాట మర్చిపోయింది.

మూడు నెలలు గడిచాయి. పట్టీలు మార్చే వేళొచ్చినా ఐదోదానికి వేరే పేరేదీ దొరక్క పాత పట్టీయే ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు.

నలభై ఏళ్ళొచ్చినా ఇంట్లో వాడు చిన్నోడే. మందుల షాపుల్లో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో టెస్టరు. అంటే తప్పులు పట్టడం వాడి పని. మాత్రల సంఖ్య దగ్గర సున్నా కొడితే ఏమవుతుంది, పుట్టిన తేదీ రేపటిది వేస్తే ఏమవుతుంది, సగంలో కరెంటు పోతే ఏమవుతుంది అని రోజంతా ఆ తెరతో కయ్యానికి కాలు దువ్వుతూ ఉంటాడు. ఒకసారి వెనక్కి వెళ్ళే బటన్ రెండుసార్లు నొక్కితే పిల్లల మోతాదు ఉండాల్సిన చోట పెద్దవాళ్ళ మోతాదు వస్తోందని పట్టుకున్నాడు. ఆ సంగతి బయట ఎవరికీ తెలీదు. జరగని ప్రమాదానికి ఎవరు దండ వేస్తారు?

వస్తూనే వాడు కంపెనీ ఉత్తరం టేబుల్ మీద పరిచాడు. చేత్తో చేసే టెస్టింగ్ ఇక అక్కర్లేదట. డిమాండ్ ఉన్న ఐదు నైపుణ్యాల్లో ఒక్కటి తొంభై రోజుల్లో నేర్చుకుని పరీక్ష నెగ్గాలట. నెగ్గినవాళ్ళు ఉంటారు, మిగిలినవాళ్ళకి సెలవు.

“మొదటి నాలుగూ గంటలో నిండిపోయాయే అక్కా. ఆరోజు పాపకి జ్వరమని నేను వెళ్ళలేదు. నాకు మిగిలింది ఇదీ” అని వేలు పెట్టి చూపించాడు. ఐదో వరుస. డేటా ట్రస్ట్ ఇంజనీర్.

అక్క ఉత్తరం దగ్గరికి లాక్కుని ఆ వరుస మళ్ళీ చదివింది.

“మొదట గుండె గుభేలుమంది. ఇదేం గొడవరా బాబూ, పేరే వినలేదు అనుకున్నా. ఇంటికెళ్తూ చూస్తే మీ బోర్డు మీద ధగధగా వెలిగిపోతోంది! మా అక్క ఉండగా నాకేంటి భయం అనుకున్నా. ఏ బ్యాచ్‌లో వేస్తావో వెయ్యి.”

“మార్చుకోవడానికి లేదురా?”

“లేదే.”

“అడిగి చూశావా?”

“మూడుసార్లు. ఏం, ఇది మంచిది కాదా?”

వాడి కళ్ళల్లోకి చూసి అక్క చెప్పలేకపోయింది. చిన్నప్పుడు లెక్కల పుస్తకం పట్టుకుని పక్కన చేరినప్పుడు కూడా ఇవే కళ్ళు. అక్కకి తెలియనిది లోకంలో లేదనే నమ్మకం. “రేపు చెప్తా, నీళ్ళు తాగు” అంది.

మర్నాడు ఆ ఉత్తరం కింద ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. సిబ్బంది వ్యవహారాలు చూసే అమ్మాయి ఎత్తింది. గొంతు తేనెలా ఉంది.

“శిక్షణ కేంద్రం నుంచి మాట్లాడుతున్నానండీ. ఆ ఐదోది పొరపాటు. అలాంటి ఉద్యోగం లేదు. తీసేయండి” అంది అక్క.

“లేదండీ, అది పరిశ్రమ నివేదికలో ఉంది.”

“ఆ నివేదిక వాళ్ళకి ఎవరు చెప్పారు?”

“శిక్షణ కేంద్రాల పరిశోధనల నుంచి తీసుకున్నామని రాశారండీ.” ఆ అమ్మాయి కాస్త ఆగింది. “మీరూ ఆ రంగంలోనే ఉన్నామంటున్నారు, మీకు తెలీదా?”

ఏమని చెప్తుంది? నేనే అన్నం తింటూ క్యాలెండర్ చూసి చెప్పానమ్మా అనా? ఆ మాటా అనేసింది పాపం. అవతల పిల్ల పకపకా నవ్వి, “మీరు భలే సరదాగా మాట్లాడతారండీ, అయినా పైనుంచి సంతకాలైపోయాయి” అని పెట్టేసింది.

ఫోన్ దించి అక్క తిన్నగా మెట్లు దిగింది. స్టూలెక్కి ఐదో పట్టీ లాగేసి చీరచెంగు చాటున పట్టుకొచ్చి బీరువాలో పడేసింది. పీడా పోయిందనుకుంది. గంట తిరక్కుండా ముగ్గురు మేడెక్కి వచ్చారు.

“ఐదోది తీసేశారేంటండీ? సీట్లు అయిపోయాయా?”

“మా వాడికి ఒక్క సీటు ఎలాగైనా చూడండి మేడం, మీకు పుణ్యముంటుంది.”

నియమం ప్రకారం ముగ్గురి పేర్లూ రిజిస్టర్లో రాసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. సాయంత్రానికి ఆ ముగ్గురు పదకొండు మంది అయ్యారు. డైరెక్టర్ గారు రిజిస్టరు చూసి, పట్టీ వెతికించి స్వయంగా అరలో పెట్టి, బ్యాచ్ మొదలుపెట్టమన్నారు.

“సార్, అది నేను ఊరికే చెప్పిన పేరు. మీకు తెలుసు.”

“తెలుసమ్మా. నువ్వు ఊహించావు, జనం ఒప్పుకున్నారు. ఇక లేదంటే ఎవరు వింటారు? సిలబస్ రాసెయ్యి.”

ఇక మిగిలింది తమ్ముడు. ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళింది. మరదలు పిల్లల స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తోంది, తమ్ముడు భోజనాల బల్ల మీద కొత్త నోటుపుస్తకానికి అట్ట వేసుకుంటున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, మూలలు మడిచి, పైన పేరు కూడా రాసుకున్నాడు. అది చూసి అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. దాచుకోకుండా మొత్తం చెప్పేసింది. బోర్డు, ఖాళీ అర, తలనొప్పి, క్యాలెండర్, అన్నీ.

తమ్ముడు విని, విని, నవ్వడం మొదలుపెట్టాడు.

“నాకు రాదేమోనని భయపడి ఇలా తప్పిస్తున్నావు కదూ? నువ్వు కనిపెట్టడమేంటే? ఇది చూడు.” ఫోన్ తీసి ఒక ఉద్యోగ ప్రకటన చూపించాడు. డేటా ట్రస్ట్ ఇంజనీర్లు కావలెను. ఐదేళ్ళ అనుభవం తప్పనిసరి.

పుట్టి నాలుగు నెలలు కాని దానికి ఐదేళ్ళ అనుభవం! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు. అక్క ఆ ప్రకటన రెండుసార్లు చదివింది. ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది, నిజంగానే ఎక్కడో ఉందేమో, తనకే తెలియదేమోనని.

“వదినా, ఆయన్ని నిరుత్సాహపెట్టకండి. ఎన్నో రోజుల తర్వాత ఇవాళే కాస్త నవ్వుతున్నారు” అంది మరదలు మెల్లగా, ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

అక్కకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అబద్ధం చెప్పినప్పుడు లోకమంతా నమ్మింది, నిజం చెబుతుంటే సొంత తమ్ముడు నమ్మడు. ఇంటికొచ్చి సిలబస్ రాయడానికి కూర్చుంది. ఎలాగూ తప్పనప్పుడు వాడికి పనికొచ్చేలా రాద్దామనుకుంది. పది పాఠాలు. ఉన్న కోర్సుల్లోంచి ఇంత, పాత పుస్తకాల్లోంచి ఇంత. తొమ్మిది అయ్యాక ఏమీ తోచక పదో పాఠానికి ‘నమ్మకం యొక్క ఐదు అంతస్తులు’ అని పేరు పెట్టి రెండు పేజీలు నింపింది. డేటాబేసులు చెప్పే మాస్టారుకి ఆ కాగితాలు ఇస్తే, ఆయన తిరగేసి, “ఎవరు రాశారో గానీ మేడం, పదో పాఠం మాత్రం చాలా లోతుగా ఉంది” అన్నాడు.

తమ్ముడు రోజూ ఆఫీసు నుంచి నేరుగా క్లాసుకి వచ్చేవాడు. మొదటి బెంచీ. మాస్టారు చెప్పిందల్లా రాసుకునేవాడు గానీ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పోతుందా? “మాస్టారూ, మూడో పాఠంలో కాదన్నది ఏడో పాఠంలో అవునంటున్నారు, ఏది నిజం?” “ఈ రెండో అంతస్తు లేకపోతే మూడోది ఎలా నిలబడుతుందండీ?” మాస్టారు గడియారం చూసుకునేవాడు. పక్కవాళ్ళు విసుక్కునేవాళ్ళు. వాళ్ళు చక్కగా బట్టీ పడుతున్నారు. వీడికి బట్టీ రాదు. ఎక్కడ లొసుగుందో అక్కడే వాడి మనసు తచ్చాడుతుంది. పద్నాలుగేళ్ళు జీతమిచ్చి వాడికి నేర్పిన పని అదే మరి.

పరీక్షకి నాలుగు రోజులుందనగా ఒక సాయంత్రం క్లాసుకి ముందొచ్చి అక్క టేబుల్ దగ్గర కూర్చున్నాడు. అక్క ఫోన్‌లో ఎవరికో కోర్సు వివరాలు చెబుతోంది. ఊరికే ఉండలేక వాడు పాత రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. వేలు పెట్టి వరుసలు దిగుతున్నాడు. వేలు ఆగింది. వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి. తేదీలు చూశాడు. ఆ బోర్డు మారిన నెలలోగానీ, అంతకు ముందుగానీ, ఆ పేరు ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అట్ట లోపల అక్క గీతల కాగితం ఉంది. నాలుగు వరుసల నిండా గీతలు. ఐదో వరుసలో గీతల్లేవు, పేరొక్కటే, అక్క గుండ్రటి చేతిరాతలో, పక్కన చిన్న మెతుకు మరకతో.

అక్క ఫోన్ పెట్టేసింది. వాడు ఆ కాగితం ఆమె వైపు తిప్పాడు.

“నిజంగానే చెప్పావన్నమాట” అన్నాడు.

“ఒరేయ్, నా చెప్పుతో నన్ను కొట్టరా.”

“ఊరుకోవే.” వాడు ఫోన్ తీసి ఆ కాగితాన్నీ, ఆ పేజీల్నీ ఒక్కొక్కటే ఫోటో తీసుకున్నాడు. ఎందుకని అక్క అడగలేదు. అడిగే ముఖం ఎక్కడుంది? వాడు లేచి ఎప్పట్లాగే క్లాసుకి వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాడు.

ఆ నాలుగు రోజులూ అక్కకి అన్నం సయించలేదు. బట్టీ పట్టరా, కళ్ళు మూసుకుని ఆ పది పాఠాలూ అప్పజెప్పెయ్యరా అని ఫోన్ చేసి బతిమాలింది. సరేలేవే అన్నాడు. వాడి సరేలే ఎలాంటిదో ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

పరీక్ష రోజు మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా జేబు మీద ఎప్పుడూ వేలాడే గుర్తింపు కార్డు లేదు. అక్కకి అడగాల్సిన పని లేకుండానే అర్థమైంది. మంచినీళ్ళ గ్లాసు తోసింది. వాడు తాగాడు.

“ముగ్గురు కూర్చున్నారే. ఈ రంగంలో మొదట పట్టాల్సిన తప్పు ఏంటని అడిగారు. నా నోరు ఊరుకోదు కదా! ఈ రంగమే తప్పండీ అన్నాను. ఎవరో ఊరికే రాసిన మాట ఊరంతా తిరిగి మన దగ్గరికి వచ్చిందన్నాను. ఆధారం చూపించమన్నారు.”

“చూపించావా? ఫోటోలు తీసుకున్నావుగా?”

వాడు గ్లాసు అడుగున మిగిలిన నీళ్ళకేసి చూశాడు. “జేబులోంచి ఫోన్ తీశానే. తెరిచాను కూడా. దాని మీదంతా నీ చేతిరాతే. పైన మీ కేంద్రం పేరు. చూపిస్తే సాయంత్రానికల్లా నిన్ను ఈ కుర్చీలోంచి లేపేస్తారు. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నా.”

అక్క తను కూర్చున్న కుర్చీకేసి చూసుకుంది.

“ఆధారం లేకుండా తప్పు రాయకూడదని పద్నాలుగేళ్ళుగా కొత్తవాళ్ళకి చెప్పింది నేనే” అన్నాడు వాడు, నవ్వబోయి. “మార్పుకి మీరు సిద్ధంగా లేరనిపిస్తోంది అన్నారు. మన క్లాసులో నా పక్కన కూర్చునే మా ఆఫీసతను నెగ్గాడు. మీ సిలబస్సే వాళ్ళ చేతికీ చేరిందట, అతన్ని పదో పాఠం అడిగారట, గడగడా ఐదు అంతస్తులూ చెప్పేశాడు.”

“నన్ను తిట్టరా. గట్టిగా తిట్టు” అంది అక్క. కళ్ళు తుడుచుకోవడానికి చెంగు కోసం వెతికింది.

“నీ మీద కోపం లేదే. ఉంటే కాస్త బాగుండేదేమో.” వాడు గ్లాసు పక్కన పెట్టాడు. “ఇప్పుడు నేనేం నేర్చుకోవాలో చెప్పు. నిజంగా అడుగుతున్నా. నాకు తప్పులు పట్టడం తప్ప ఇంకేం రాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.”

పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న కొన్ని వేలమంది అడిగారు. వేలమందికీ ఆమె తడుముకోకుండా జవాబు చెప్పింది. ఇప్పుడు నోటిదాకా వచ్చిన ప్రతి పేరూ ఆ ఐదు అరల్లోంచే వస్తోంది, దేన్ని నమ్మి చెప్పాలి? “తెలీదురా” అంది చివరికి. “ఒట్టు, నాకు తెలీదు.”

వాడు తలూపాడు. నియమం గుర్తొచ్చినట్టుంది, రిజిస్టరు తనే ముందుకు లాక్కుని రాశాడు. పేరు. ఫోన్ నంబరు. ప్రస్తుతం చేస్తున్న పని అన్నచోట అడ్డగీత. అడిగిన కోర్సు అన్నచోట కలం కాసేపు ఆగింది. ‘ఏదైనా’ అని రాసి మూత పెట్టేశాడు.

అప్పుడే డైరెక్టర్ గారు లోపల్నుంచి కేకేశారు. “అమ్మా, మూడు నెలలూ అయ్యాయి, పట్టీలు మార్చాలి. ఐదోదానికి ఎన్నొచ్చాయి?”

అక్క గీతలు లెక్కపెట్టింది. తమ్ముడు రాసింది ఏ వరుసలో గియ్యాలో తెలియక వదిలేసింది. “నలభై ఒకటి సార్.”

“అన్నిటికన్నా ఎక్కువే! అయితే దాన్ని మొదటి అరలోకి ఎక్కించెయ్యి.”

ఆమె స్టూలు తీసుకుని మెట్లు దిగింది. తమ్ముడు కూడా వెనకే దిగాడు. మొదటి అరలోని పాత పట్టీ తీసి చంకన పెట్టుకుని, ఐదోది లాగి, పైకి అందుకుని ఆ అరలో దూర్చబోతే ఒక పట్టాన దూరలేదు. కింద ఖాళీ అయిన అర తెల్లగా వెలుగుతోంది. స్టూలుకి ఒక కాలు పొట్టి, అది కదలకుండా తమ్ముడు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.